పడమటి కిటికీ గోనెపట్టాలు

1986. గుంటూరులో ఒక పరిశోధనశాల. అక్కడి యానిమల్ హౌస్‌లో, అంటే ప్రయోగాలకు ఎలుకలను పెంచే గదిలో, నేను టెక్నీషియన్‌ని. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎలా మొదలవుతుందో తెల్ల ఎలుకల్లో చూస్తున్నాం. సగం ఎలుకలకు యూరిథేన్ ఇంజెక్షన్. దాంతో ఊపిరితిత్తుల్లో కణుతులు లేస్తాయి. మిగతా సగం కంట్రోల్, అంటే పోల్చి చూడటానికి; వాటికి ఉత్త ఉప్పునీళ్లే. వాటికి ఏమీ రాకూడదు.

తీరా కొన్నిటిని కోసి చూస్తే వాటిలోనూ కణుతులే!

ప్రొఫెసర్ గారు మండిపడ్డారు. "బోన్లు కడిగేటప్పుడు అటువీ ఇటువీ కలిపేసుంటుంది. రేపట్నించి ఆవిడ వద్దు." ఆవిడంటే ఎలుకలను చూసుకునే కోటమ్మ. భర్త పోయాక ఇంటికి ఆ ఉద్యోగమే ఆధారం.

కోటమ్మ ఏడవలేదు. ఒక ఎలుకను పట్టి చెవి చూపించింది. ఇయర్ పంచ్ అని, చెవికి చిన్న గాటు పెట్టి గుర్తు వేస్తాం. "ఎడం చెవికి గాటుంటే ఉప్పునీళ్లదండీ. ఒక్కటి తప్పున్నా నేనే పోతా, చూసుకోండి!"

కోసినవాటివీ బతికున్నవాటివీ అన్నీ చూశాం. ఒక్కటీ తప్పలేదు.

"మరెలా వచ్చాయి?" అన్నారాయన.

"అది నాకేం తెలుసండీ? వీటి గూళ్లు మాత్రం పొగాకు కంపు. పొగాకు కాల్చే బ్యారన్ల కాడ ఆకు గ్రేడింగ్ చేసినదాన్ని, నాకు తెలీదా?"

పడమటి కిటికీ పక్కనున్న కంట్రోల్ బోన్లకు ఎండ సెగ తగులుతోందని, మా బావ పొగాకు బేళ్లకు వాడిన గోనెపట్టాలు తెచ్చి, తడిపి కప్పింది నేనే. ఎంత తెలివైనవాణ్ణో అని మురిసిపోయాను కూడా! ఎలుకలు ఆ పీచు లాక్కుని, కొరికి గూళ్లు కట్టుకున్నాయి.

"తప్పు నాది సార్" అన్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"సరే, ఇదీ తేల్చుదాం. కోటమ్మా, నువ్వుండు" అన్నారాయన.

కొత్త ఎలుకలను తెచ్చాం. ఒక వరుసకు అవే పట్టాలు, ఇంకో వరుసకు ఉతికిన నూలుగుడ్డ. నెలల తరబడి కాచుకుని కోశాం. గుడ్డ కిందివాటి ఊపిరితిత్తులు గులాబీరంగులో నిగనిగలాడాయి. పట్టాల కిందివాటిలో మళ్లీ కణుతులు. అబ్బ, ఆ రోజు మా సంబరం చూడాలి! ప్రొఫెసర్ గారు మైక్రోస్కోప్ ముందు నుంచి లేచి తన కుర్చీలో కోటమ్మను కూర్చోబెట్టారు. "చూడమ్మా, నువ్వు చెప్పిందే నిజం."

కంట్రోల్ ఎలుకకు మనమేమీ చేయలేదని ధీమాగా అనుకోకూడదని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత నేను చేతిసంచితో గుమ్మంలోకి వస్తే చాలు, కోటమ్మ చేయి అడ్డం పెట్టేది.

"ఆగండి బాబూ, ముందు వాసన చూడనివ్వండి."

బుద్ధిగా సంచి చేతికిచ్చేవాణ్ణి.