మీసాలు లేని ఇల్లు

మొన్నామధ్య నర్సీపట్నంలో మా తమ్ముడింటికి వెళ్ళేసరికి వాడి కొడుకు సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఈ కాలం కుర్రాళ్ళందరిలాగే గడ్డమూ మీసమూ ఏకం చేసి పెంచాడు. ఆ మీసం పైపెదవి దాటి కిందపెదవి మీదకి వాలిపోయి, అన్నం ముద్ద ఏ దారిన లోపలికి వెళ్తోందో చూసేవాళ్ళకి అంతుపట్టకుండా ఉంది. నేను ఊరుకునే మనిషిని కాను గనక ఏవో నాలుగు అన్నాను, వాడు నవ్వేశాడు. కాసేపయ్యాక వాళ్ళ నాన్నకి ఏదో చెప్పబోయి, మా తమ్ముడు కళ్ళు చికిలించి తన మూతి వైపే చూస్తూ ఉండటం గమనించి, చటుక్కున ఫోను తీసి, చెప్పదల్చుకున్నది టైపు చేసి చూపించాడు. తమ్ముడు చదువుకుని తలాడించాడు. అంతే, పనైపోయింది, ఎవరికీ ఏమీ అనిపించలేదు. నాకు మాత్రం చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా మనసు మనసులో లేదు. ఎందుకంటే ఒకప్పుడు మా ఇంట్లో మీసమున్న మగవాడు ఒక్కడంటే ఒక్కడు ఉండేవాడు కాదు.

డెబ్భైల మొదట్లో, మా తమ్ముడు రెండో తరగతిలో ఉండగా, వాడికి మెదడువాపు జ్వరం వచ్చింది. అప్పట్లో మా ఊళ్ళో దొరికిన వైద్యమంతా చేయించారు. పిల్లాడు దక్కాడు గాని చెవులు దక్కలేదు. అప్పటికే మాటలన్నీ వచ్చేసి ఉండటం వల్ల మాట మాత్రం పోలేదు. గొంతు కాస్త పెద్దది, ఎత్తుపల్లాలుండవు, అంతే తేడా. ఎదుటివాళ్ళ పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం వాడంతట వాడే నేర్చుకున్నాడు, నేర్పేవాళ్ళు మా చుట్టుపక్కల ఎక్కడా లేరు. అమ్మ మాట తెలిసేది, నా మాట తెలిసేది (నా మాట వీధి చివరివాళ్ళకి కూడా తెలుస్తుందని మా మేనత్త దెప్పేది), నాన్నగారి మాటే తెలిసేది కాదు. ఆయన హైస్కూల్లో లెక్కల మేష్టారు, గుబురు మీసం. తండ్రి ఏదో చెప్తున్నాడు, ఏమిటో తెలియదు, పిల్లాడు ఆయన మూతి వైపు చూసి చూసి ఏడుపు లంకించుకునేవాడు. ఒక ఆదివారం నాన్నగారు మంగలిషాపుకి వెళ్ళి, మీసం తీయించుకుని వచ్చేశారు.

మా వైపు పెళ్ళీడు దాటిన మగవాడు ఉన్నట్టుండి మీసం తీసేశాడంటే దానికి ఒకటే అర్థం, తండ్రి పోయాడని. మర్నాడు స్కూల్లో తోటి మేష్టర్లు ఒక్కొక్కరే వచ్చి నాన్నగారి భుజం మీద చెయ్యి వేయడం మొదలుపెట్టారుట. ఆ కబురు సాయంత్రం బస్సెక్కి మాకవరపాలెం చేరింది. అక్కడ తాతయ్య చెరుకుతోట నుంచి వచ్చి అరుగు మీద చుట్ట ముట్టించుకుంటుండగా, ఆయన పోయినందుకు ఏడవడానికి ఎవరో వచ్చారు. తెల్లారేసరికి ఆయన మా గుమ్మంలో దిగి, "ఏరా, నానింకా సావనేదు గదరా! ఊరోళ్ళు నన్నట్టుకుని ఏడుస్తన్నారు, ఏటిరా ఈ పని?" అని వీధంతా వినపడేలా కేకలేశాడు. నాన్నగారు సంగతి చెప్పారు. తాతయ్య మనవణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని చాలాసేపు చూశాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆయనకీ మీసం లేదు. ఆ తర్వాత బాబాయి. అలా అదొక ఇంటి ఆచారమైపోయింది. దానికి తోడు ఇంకో ఆచారం: వాడితో మాట్లాడేవాళ్ళు ఎదురుగా వచ్చి, మొహం వెలుతురు వైపు పెట్టి మాట్లాడాలి. మరిచిపోయి వెనకనుంచి ఎవరైనా ఏమైనా అన్నామా, "ఆడి వీపుకి సెప్తన్నావేటే? ముందుకి రా" అని అమ్మ గయ్యిమనేది.

ఇంత జాగ్రత్తగా పెంచుకున్న ఆచారమే మా కొంప ముంచుతుందని ఎవరనుకున్నారు?

ఎనభైల్లోకి వచ్చాం. తమ్ముడు ఇంటరు పాసై, టైపు లోయరూ హయ్యరూ పరీక్షలు రెండూ గట్టెక్కాడు. ఆ టైపు ఇన్‌స్టిట్యూట్లో వరసగా మోగే మిషన్ల హోరుకి అందరికీ తలనొప్పి వచ్చేది, వాడొక్కడే ప్రశాంతంగా కొట్టుకుంటూ కూర్చునేవాడు. సర్కారువాళ్ళు వికలాంగులకి బస్సు పాసు ఇస్తున్నారని, ఉద్యోగాల్లో కొన్ని విడిగా ఉంచుతున్నారని, మా ఊళ్ళోనే ఒక ఆఫీసులో టైపిస్టు ఖాళీ అలాంటిదేనని తెలిసింది. నాన్నగారికి రిటైర్మెంటు దగ్గర పడింది. నేను బి.ఏ. పూర్తిచేసి, నా నోటికి జడిసి ఏ సంబంధమూ కుదరక, ఇంట్లో అందరినీ సరిదిద్దుతూ కూర్చున్నాను. అమ్మకి ఒకటే బెంగ, తాము పోయాక వాడు ఎవరి గుమ్మంలోనూ పడి ఉండకూడదని. ఆ ఉద్యోగానికి కావలసిందల్లా వాడికి వినపడదని ఒక డాక్టరు రిపోర్టు. వినపడనివాడికి వినపడదని రాయించుకోవడం ఎంతసేపు అనుకున్నాం.

వికలాంగుల కోసం పెట్టిన శిబిరానికి అమ్మా నేనూ వాణ్ణి తీసుకెళ్ళాం. కోటవురట్ల, రోలుగుంట వైపునుంచి వచ్చిన జనంతో వరండాలన్నీ నిండిపోయాయి. "బేగి రండి, బేగి రండి" అంటూ ఒకాయన వరస తోస్తున్నాడు. మా వంతు వచ్చింది. డాక్టరు కుర్రవాడు, నున్నగా గీసుకున్న మొహం. అమ్మ అలవాటు కొద్దీ ఆయన కుర్చీని కిటికీ వెలుతురు వైపు జరిపించి, "బాబూ, మా వాడికేసి తిరిగి, నింపాదిగా మాటాడండి" అని ఎంతో మర్యాదగా చెప్పింది. ఆయన అంత మర్యాదగానూ అలాగే మాట్లాడాడు. పేరేమిటి, ఏం చదివావు, పొద్దున్న ఏం తిన్నావు? తమ్ముడు అన్నిటికీ టకటకా జవాబులు చెప్పాడు. ఏదో ఇనుప కడ్డీని మోగించి చెవి వెనక ఎముకకి ఆనిస్తే, ఆ అదురు తగిలి, తెలుస్తోందని చెయ్యెత్తాడు. అమ్మ మొహం మురిపెంతో వెలిగిపోయింది, కొడుకు పరీక్షలో ఫస్టు వచ్చినట్టు. నేనూ సంతోషించాననే చెప్పాలి. పదిహేను రోజులకి రిపోర్టు వచ్చింది: వినికిడి దాదాపు మామూలుగా ఉంది, సాయానికి అర్హత లేదు.

నేను ఊరుకుంటానా? ఎవరెవరి బల్లల ముందో నిలబడి, చేతనైనంత అరిచి, విశాఖపట్నంలో ఇంకో డాక్టరు చేత మళ్ళీ పరీక్ష చేయించేలా రాయించుకొచ్చాను. తాళ్ళపాలెం మీదుగా, అనకాపల్లి బెల్లం వాసన పీల్చుకుంటూ ముగ్గురం బస్సులో వెళ్ళాం. ఈ డాక్టరు పెద్దాయన, మాట తక్కువ, మీసం మాత్రం మా నాన్నగారు ఒకప్పుడు వదులుకున్న మీసానికి తాతలాంటిది. చెవులు పరీక్షించే మిషను రిపేరులో ఉందిట. అందుకని ఆయన కూడా ప్రశ్నలే వేశాడు. తమ్ముడు ఆయన మూతి వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ ఆయన మూతి వైపు చూశాడు. నేను పెదవులు కదపబోతే, "మీరు అందించకండి, బయట కూర్చోండి" అని అమ్మనీ నన్నూ పంపేశాడు. ఈసారి రిపోర్టు: అడిగినది గ్రహించే శక్తి లేదు, బుద్ధి ఎదుగుదల తక్కువ, టైపు వంటి పనులకి తగడు.

ఆ రాత్రి మా ఇంట్లో పడిన గందరగోళం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని అప్పుడు రాలేదు. మొదటి రిపోర్టు తప్పని చూపించాలంటే వాడు జవాబులు చెప్పకుండా కూర్చోవాలి. కూర్చుంటే రెండోది నిజమైపోతుంది. రెండోది తప్పని చూపించాలంటే వాడు జవాబులు చెప్పాలి. చెప్తే మొదటిది నిజమైపోతుంది. బాబాయి ఏమీ అర్థంకానట్టు నటించమన్నాడు. అమ్మ దేవుడి మీద భారం వేసింది. నాన్నగారు జీవితమంతా పిల్లలకి జవాబులు చెప్పడం నేర్పిన మనిషి, కన్నకొడుకుని తెలియనట్టు ఉండమనడానికి ఆయనకి నోరు రాలేదు. నేను అందరినీ ఖండించాను, ఖండించడం తప్ప నా దగ్గరా ఏమీ లేదు. అందరం ఒక్కసారే మాట్లాడుతున్నాం, తమ్ముడి చూపు మా మొహాల మధ్య అటూ ఇటూ పరిగెడుతోంది, ఏదీ అందడం లేదు. చివరికి నా చెయ్యి పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు.

"అక్కా, నాకు వినపడదని చెప్పాలా, నాకు తెలీదని చెప్పాలా?"

నేను లేచి ఆ కాగితాలు రెండూ మడిచి సంచీలో పెట్టుకున్నాను.

మర్నాడు రెండు రిపోర్టులూ పట్టుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, వికలాంగుల కాగితాలు చూసే ఆఫీసుకి వెళ్తే, అక్కడి గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని, "ఒక దాంట్లో బాబుకి వినపడతాదని ఉంది. ఇంకో దాంట్లో బాబుకి తెలివి సాలదని ఉంది. తమరి కంప్లైంటు దేని మీదమ్మా?" అన్నాడు.

"రెండింటి మీదా."

"రెండూ తప్పయితే మరి ఒప్పేటండి?"

"ఎదురుగా నిలబడ్డాడు, కళ్ళున్నాయిగా, మీరే చూసి రాయండి" అని నేను గొంతు పెంచాను. ఆయన నిజంగానే తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, పాపం, అయోమయపడి, నన్ను వదిలించుకోవడానికో ఏమో, పట్నం డాక్టరుకే మరోసారి చూడమని కాగితం పెట్టించాడు.

మళ్ళీ అదే బస్సు, అదే బెల్లం వాసన, అదే మీసం. మిషను ఇంకా రిపేరులోనే ఉంది. ఏం చెయ్యాలో మాకెవరికీ తెలియదు. నేను దెబ్బలాటకి తయారుగా ఉన్నాను గాని, దేనికోసం దెబ్బలాడాలో నాకే స్పష్టంగా లేదు. డాక్టరు నోరు తెరవబోయేంతలో తమ్ముడు లేచాడు. కుర్చీని ఎత్తి గోడ వైపు తిప్పి, ఆయనకి వీపు పెట్టి కూర్చున్నాడు. మాకెవరికీ ముందు చెప్పలేదు. "ఏమిటీ పొగరు?" అన్నాడు డాక్టరు. తమ్ముడు కదలలేదు. ఆయన గట్టిగా పేరు పెట్టి పిలిచాడు, బల్ల మీద చరిచాడు. చివరికి నర్సు చేతిలోని స్టీలు పళ్ళెం తీసుకుని నేల మీద పడేశాడు. నేనూ నర్సూ ఉలిక్కిపడ్డాం. తమ్ముడు గోడ మీది కేలండరు చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరు గొంతు తగ్గించి, "అమ్మా, మీరు పిలవండి" అన్నాడు.

అమ్మ తటపటాయించింది. జ్వరం వచ్చి తగ్గిన నాటినుంచి ఆవిడ వాణ్ణి వెనకనుంచి పిలిచి ఎరగదు, మమ్మల్నెవరినీ పిలవనివ్వలేదు. "చిన్నోడా" అంది. తర్వాత కాస్త గట్టిగా, "ఒరే చిన్నోడా" అంది. మూడోసారి అది పిలుపులా లేదు. వాడు తల తిప్పలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి చేరగిలబడిపోయింది.

అప్పుడు తెలిసింది నాకు. వాడికి వినపడదని మాకందరికీ తెలుసు గాని, వినపడకపోవడం ఎలా ఉంటుందో మేమెవ్వరం ఒక్కరోజు కూడా చూడలేదు. వాడు వింటున్నట్టే ఉండేలా ఇంటినంతా సర్దుకున్నాం, సర్దుకుని సర్దుకుని వింటున్నాడనే నమ్మేశాం. ఆ మొదటి డాక్టరు పాపం మా ఇంటి నమ్మకాన్నే కాగితం మీద పెట్టాడు.

డాక్టరు లేచి వెళ్ళి వాడి భుజం తట్టాడు. తమ్ముడు తిరిగి, ఏమాత్రం తొణక్కుండా, తన పైపెదవి మీద రెండు వేళ్ళు పెట్టి పైకి ఎత్తి చూపించి, "మీది కూడా ఇలా పట్టుకోండి సార్" అన్నాడు. ఆయన, అంతటి పెద్దమనిషీ, రెండు చేతులతో తన మీసం రెండు పక్కలా పైకెత్తి పట్టుకుని, పేరేమిటని అడిగాడు. చెప్పాడు. పదిహేడో ఎక్కం అడిగాడు. లెక్కల మేష్టారి కొడుకు, ఆపమనేదాకా చెప్పాడు. నర్సు మొహం తిప్పుకుని నవ్వు ఆపుకుంటోంది, అమ్మ ఏడుస్తోంది. నా జీవితంలో నేను ఒక్కమాట కూడా అనకుండా బయటికి వచ్చిన ఆఫీసుగది అదొక్కటే.

ఆ టైపిస్టు ఉద్యోగం మా కోసం ఆగలేదు. సరైన రిపోర్టు చేతికొచ్చేసరికి ఎవరో చేరిపోయారు. మరుసటి ఏడు రోలుగుంటలో ఇంకొకటి దొరికింది. బస్సు పాసు మీద రోజూ వెళ్ళొచ్చి, అక్కడే పెద్ద గుమాస్తా అయి రిటైరయ్యాడు. అమ్మ తన బెంగ తీరాకే పోయింది. నాకూ ఎలాగో సంబంధం కుదిరింది. పెళ్ళిచూపుల్లో నేను వేసిన మొదటి ప్రశ్న, మీసం తీస్తారా అని. తండ్రి బతికుండగా కుదరదన్నారు ఆయన, పైపెదవి కనపడేలా కత్తిరించుకుంటానన్నారు. నా వైపునుంచి నేను ఒప్పుకున్న మొదటి రాజీ అది, చివరిదీ అదేనని ఆయన అంటూ ఉంటారు.

ఇప్పుడు మేనల్లుణ్ణి మీసం తీయమని నేను అడగలేదు. ఎందుకు తీయాలి? ఫోనులో రాసి చూపిస్తే తండ్రికి పొల్లుపోకుండా తెలుస్తోంది, అప్పట్లో పెదవులు చూసి సగం ఊహించుకున్న దానికంటే నయమే. అయినా ఆ రోజు చూస్తూ కూర్చున్నాను: ఇంటిల్లిపాదీ తలలు వంచుకుని ఎవరి ఫోనులో వాళ్ళున్నారు, వంచిన తలతోనే ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు, చెవులున్నాయి గనక సరిపోతోంది. మా తమ్ముడు మాత్రం కొడుకు రాసింది చదివేశాక కూడా తలెత్తి, వాడి మొహం వైపు ఇంకాసేపు చూస్తూ ఉండిపోయాడు, ఇంకేమైనా చెప్తాడేమోనని. వాడప్పటికే ఇంకెవరికో రాసుకుంటున్నాడు.

నేను ఎవరితో మాట్లాడినా ఎదురుగా వెళ్ళి, వెలుతురులో నిలబడి, కళ్ళలోకి చూసి మాట్లాడతాను. మాట్లాడుతోందో దెబ్బలాడుతోందో తెలియదని మా కోడలు వెనకాల అనుకోవడం నాకు తెలుసు. ఆ రోజు లేచి కుర్చీ జరుపుకుని తమ్ముడికి ఎదురుగా కూర్చున్నాను. చెప్పడానికి ప్రత్యేకించి ఏమీ లేదు. "కాఫీ చల్లారిపోయిందిరా" అన్నాను. వాడి మొహం విప్పారింది.