ఇస్త్రీపెట్టె వైరు

“ఆ వైరు మా పాప నోట్లో పెట్టుకుంటే ఎట్ల మల్లన్నా?” విఠల్ రెండోసారి అడిగాడు. రేడియో మెకానిక్ రాజమల్లు తొడుగు ఒలుస్తూనే ఉన్నాడు. నోటినిండా తంబాకు, పళ్ల మధ్య వైరు. కమాఠీపురా చాళ్ల వరసగదుల్లో ఎవరింట టేపురికార్డరు మూగబోయినా అతనే వస్తాడు. చేతులు లుంగీకి తుడుచుకుంటాడు, అదే లుంగీతో టేపు హెడ్డూ తుడుస్తాడు. వైరు తొడుగు పళ్లతో ఒలిచి, రాగిపోగులను గోధుమరంగు ఎంగిలితో పేనుతాడు. సైన్సు చదివిన విఠల్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఏదో స్టూడియోవాళ్లు తీసేసిన పెద్ద స్పీకర్లు రెండు అతను మోజుపడి కొన్నాడు. యాంప్లిఫయరుకు కలపడానికి మందపాటి స్పీకరు వైరు తెమ్మంటే, రాజమల్లు ఎవరిదో పాత ఇస్త్రీపెట్టె వైరు పట్టుకొచ్చాడు. “మందమే గదా తమ్మీ! ఇస్త్రీదని పాటకేం తెలుస్తది?” దాని చివర ప్లగ్గు అట్లాగే ఉంది.

ఉమ్మడానికి అతను గది బయటి గ్యాలరీలోకి వెళ్లాడు. ఒలిచిన కొస అప్పటికే పాప నోట్లో ఉంది. ప్లగ్గు యాంప్లిఫయరుదే అనుకుని, విఠల్ భార్య శకుంతల దాన్ని కరెంటు బోర్డులో పెట్టబోతోంది. విఠల్ అరిచిన అరుపుకు అది ఆమె చేతిలోంచి జారిపోయింది. రాజమల్లు తిరిగొచ్చి, తంబాకు నలిపే వేలినే పాప నోట్లో దూర్చి రాగిపోగు తీశాడు. “గింత లొల్లేంది? ఈ కొస ముట్టేముందు ఆ కొస ఏడున్నదో సూడాలె,” అన్నాడు తీరిగ్గా. విఠల్ పాప నోరు కడిగిందే కడిగాడు. ఆ మాటను మాత్రం కడుక్కోలేకపోయాడు. ఇప్పుడు ఏ వైరు కనబడ్డా, చెయ్యి చాపేముందు రెండో కొస వెతుక్కుంటూ వెళ్తాడు.