గోడ అవతల ఊ

దెయ్యాలంటే నాకు బొత్తిగా నమ్మకం లేదు. నేను పశువుల డాక్టర్ని. చచ్చిన ఆవును కోసి, ఎందుకు చచ్చిందో రాసిచ్చే ఉద్యోగం. ప్రాణం పోయాక ఏదో మిగులుతుందని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

అప్పుడు నాకు పాడేరు దగ్గర ఒక ఊళ్ళో పోస్టింగు. సోములమ్మ అనే గిరిజన రైతు ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. పక్కగదిలో ఆవిడ కాఫీ బస్తాలు ఉండేవి. దాని తాళంచెవి ఎప్పుడూ ఆవిడ కొంగునే.

కథలు రాయాలని నాకు పిచ్చి. పంపినవన్నీ తిరిగొచ్చాయి. ఒక సంపాదకుడు మాత్రం జాలిపడి ఫోన్ చేశాడు. "వర్ణన బాగుందండీ, మనుషులే కనబడటం లేదు," అన్నాడు. ఒళ్ళు మండింది. ఆయన అన్నది నిజమేనని తోచాక ఇంకా మండింది. సరే, ఆఖరుగా మా నాన్న మీద ఒక కథ రాద్దామనుకున్నాను. ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇదీ కుదరకపోతే ఇక రాయడం మానేద్దామని గట్టిగానే అనుకున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నమైనా మంచు విడవలేదు. కిటికీ బయట మిరియాల తీగలు కనబడీ కనబడకుండా ఉన్నాయి. సోములమ్మ తోటకు వెళ్ళింది. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని, రాసింది పైకి చదువుకుంటున్నాను.

మొదటి పేరా అవగానే గోడ అవతల నుంచి "ఊ" అని వినిపించింది.

చిన్నప్పుడు పక్కలో పడుకుని కథ వింటూ కొడతామే, ఆ ఊ. ఆడగొంతో మగగొంతో చెప్పలేను. విచిత్రమేమిటంటే, భయం వేయలేదు. సగం నిద్రలో ఉన్నట్టు ఒళ్ళంతా వెచ్చబడింది. అలాగే చదువుతూ పోయాను.

వెన్నెల మీద ముచ్చటపడి రాసుకున్న పేరా దగ్గర ఊ ఆగిపోయింది. మళ్ళీ చదివాను. లేదు. దాన్ని వదిలేసి కిందిది చదివితే, "ఊ". ఆ పేరా కొట్టేయడానికి ప్రాణం ఒప్పలేదు గానీ కొట్టేశాను.

చివర్లో, ఆసుపత్రి మంచం మీద నాన్న నా చెయ్యి పట్టుకుని "చల్లగా ఉండరా" అంటాడు. అక్కడ గోడ అవతల చడీచప్పుడూ లేదు. ఎన్ని రకాలుగా మార్చి చదివినా లేదు.

నిజానికి నాన్న ఆ మాట అనలేదు. మతిమరుపొచ్చి నన్ను గుర్తే పట్టలేదు. "ఎవులి తాలూకా బాబూ తమరు?" అని అడిగాడు. కన్నకొడుకుని తమరు అన్నాడు. "ఆసుపత్రి తాలూకా అండి," అన్నాను. "అయితే కాసిన్ని నీల్లియ్యండి," అన్నాడు. ఇచ్చాను.

కాగితాలు పక్కన పెట్టి ఇదంతా ఆ గోడకే చెప్పాను. చెబుతూ ఏడ్చాను. అంతా అయ్యాక, చాలా నెమ్మదిగా, "ఊ" అని వినిపించింది.

సాయంత్రం సోములమ్మ రాగానే పక్కగది తీయించాను. బస్తాలు, కాఫీ వాసన, అంతే. కిటికీ లేదు, ఇంకో తలుపూ లేదు.

"ఈ గదిలో ఎవులుంతారు బాబూ? నిలబడ్డానికే సోటు నేదు," అని నవ్వింది.

ఎలుకలేమో అనుకున్నాను. కానీ ఎలుకలు ఊ కొట్టవు. కొట్టినా, బాగున్నచోట మాత్రమే కొట్టవు కదా!

ఊ సంగతి ఎత్తకుండా, నాన్న దగ్గర జరిగింది జరిగినట్టు రాసి పంపాను. కథ అచ్చయింది. పత్రిక రాగానే ఆ గోడ పక్కనే కూర్చుని పైకి చదివాను. ఎంతసేపటికీ ఊ రాలేదు. చిన్నపిల్లాడిలా ఉక్రోషం వచ్చి మధ్యలో ఆపేశాను.

వసారాలో కాఫీ గింజలు ఏరుతున్న సోములమ్మ తలెత్తింది. "ఆపీసినారేటి బాబూ? ఆ ముసిలాయనకి నీల్లిచ్చినాడా, నేదా?"

చివరిదాకా చదివాను. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత తాళం వేసి ఉన్న పక్కగది వైపు చూసింది.

"లోపలెవులో ఊ కొడతన్నారు బాబూ, ఇందాకట్నించీ. మీకు ఇనపడనేదా?" అంది.

నాకు వినపడలేదు. ఆ తర్వాత చాలా కథలు రాశాను, ఒక్కసారి కూడా మళ్ళీ వినపడలేదు. అదేమిటో ఇప్పటికీ చెప్పలేను. రాసిన ప్రతి కథా ఏదో ఒక గోడ పక్కన కూర్చుని పైకి చదివాకే పంపుతాను.