బతికున్న బావకు పూలదండ

తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఈడు వాళ్లకు రాష్ట్రమూ, ఫోన్లో ఇంటర్నెట్టూ ఇంచుమించు ఒక్కసారే చేతికొచ్చాయి. రాష్ట్రం సంగతి పెద్దలు చూసుకున్నారు. ఇంటర్నెట్ సంగతి నేను చూసుకున్నాను. పక్క వీధిలో ఏం జరుగుతోందో తెలియదు గానీ, జర్మనీలో ఒక ఐస్ హాకీ క్లబ్బు ఎట్లా లేచిందో, ఎట్లా పడిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. (నార్కట్‌పల్లి దగ్గర జిరాక్స్ సెంటర్లో నౌకరీ. గిరాకీ లేనప్పుడు అదే చదువు.)

అప్పట్లో మా ఊరి కబడ్డీ జట్టు వరసగా ఓడిపోతోంది. "ఈసారి నల్లగొండ పోటీల్ల గెలవకుంటే మీ ఆట జాగ లారీలు నిలుపుకునేటందుకు ఇచ్చేస్త," అని సర్పంచ్ తేల్చి చెప్పాడు. జట్టుకు పెద్దదిక్కు మా మేనత్త కొడుకు. అతన్ని దాటి ఎవరూ పోలేరని ఊరంతా 'గోడ' అని పిలిచేది. నాకు బావ. నేనేమో ఎప్పుడూ బయట కూర్చునే అదనపు ఆటగాణ్ని. ఆడలేనివాడు ఉపన్యాసమైనా ఇవ్వాలి కదా, ఆ జర్మనీ క్లబ్బు చరిత్ర ఎత్తుకున్నాను. గడ్డకట్టిన చెరువు మీద కుర్రాళ్లు ఆట మొదలుపెట్టడం, దేశంలోనే మేటి జట్టు కావడం, దివాలా తీసి అట్టడుగు పోటీలకు జారిపోవడం, ఊరివాళ్లే మంచు ఊడ్చి, టికెట్లు అమ్మి, ఏళ్ల తరబడి కష్టపడి జట్టును మళ్లీ పైకి తేవడం, అంతా చెప్పాను.

"మంచు మీద ఉరుకుతరా? జారి పడరా?" అన్నాడు బావ.

"పడతరు, లేస్తరు. అదే ఆట."

"గట్లయితే మనకు సగం వచ్చినట్టే. పడుడు మస్తుగ వచ్చు."

నవ్వారు గానీ, మర్నాటి నుంచి తెల్లారేసరికి అందరూ మైదానంలో ఉన్నారు. మోకాళ్లు చెక్కుకుపోయినా ఒక్కడూ మానలేదు.

నేను అక్కడితో ఆగితే బాగుండేది. ఆ క్లబ్బులో ఒక ఆచారం ఉందని చదివాను. గొప్ప ఆటగాడి చొక్కాను పైకప్పుకు వేలాడదీస్తారు, ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వరు. పోటీకి ముందురోజు బావ చొక్కాను మా జట్టు గదిలో దూలానికి కట్టాను. ఉత్త చొక్కా బోసిగా అనిపించింది. బంతిపూల దండ వేశాను. ఇంకా ఏదో వెలితి. అగరుబత్తులు వెలిగించాను. (జర్మనీవాళ్లు ఇవి చేయరు. ఇది పూర్తిగా నా సొంత తెలివి.)

బావ మోకాలి పట్టీలు కొనడానికి నల్లగొండ పోయి ఉన్నాడు. అతన్ని వెతుక్కుంటూ అత్తమ్మ గదిలోకి వచ్చి, తలెత్తి చూసింది. ఆ కేక హైవే దాకా వినిపించి ఉంటుంది. బావ బస్సు దిగేసరికి గది ముందు జనం.

"ఎవలు పోయిండ్రురా?" అనడిగాడు.

"నువ్వేనంట," అన్నాడొకడు.

అత్తమ్మ కొడుకును తడిమి తడిమి చూసుకుని, ఏడుపు ఆపి, నా మీదికి చెప్పు తీసింది. "బతికున్నోనికి దండేస్తవారా? రేపు వీడు ఆడితే నా మీద ఒట్టు!"

గోడ లేకుండా గెలవడమా? జాగా పోయినట్టే. మర్నాడు నల్లగొండలో నేను తల దించుకుని నిలబడి ఉంటే, బావ వచ్చి నా చొక్కా గుంజుకున్నాడు.

"అమ్మ నన్ను ఆడొద్దన్నది, నిన్ను అనలే. ఇయ్యాల నేనే నువ్వు. నోర్మూసుకొని కూసో, బామ్మర్దీ."

ఆ రోజు అతన్ని దాటి ఎవరూ పోలేదు. చొక్కా మీది నంబరు చూసి మైకులో మాత్రం ప్రతి పట్టుకూ నా పేరే చదివారు. గెలిచాం, జాగా నిలిచింది, ఊళ్లో నాకు శాలువా కప్పారు. ఒట్టు తప్పిన సంగతి తల్లికి తెలియకూడదని బావ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు, కానీ నా కారణం వేరు. శాలువా బాగుంది. ఏళ్లు గడిచేకొద్దీ నేనే ఆడానని నాకే అనిపించసాగింది. మా పిల్లలకు కాలు ఎట్లా పట్టాలో నేర్పించాను కూడా.

ఇప్పుడు ఆ జాగాలో ఆడే పిల్లలకు నన్ను చూపించి "దీన్ని కాపాడింది ఈయనే" అంటుంటే ఇక మింగుడు పడలేదు. మొన్న అత్తమ్మ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ తల కూడా ఎత్తలేదు.

"మేకపిల్లను పట్టుమంటే ఇడిసిపెట్టేటోనివి. నువ్వు మనుషులను పట్టినవంటే నేను నమ్ముతనా, ఊరు నమ్ముతదా, అల్లుడా?"

"మరి ఒట్టు?"

"పెట్టింది నేనే, ఆ రాత్రే మనసుల తీసేసుకున్నది నేనే. ఆ జాగ పోతే నా కొడుకు మనిషిగ ఉంటుండెనా?"

ఊరంతటినీ నమ్మించానని ఇన్నేళ్లూ అనుకున్నాను. తీరా చూస్తే, ఆ కబడ్డీ వీరుణ్ని మనస్ఫూర్తిగా నమ్మినవాణ్ని నేనొక్కణ్నే.