మసికాగితం మీద చెయ్యి

ఇది నాకు జరిగింది. మా అమ్మాయి రియా మీద ఒట్టు. మామూలుగా నేను ఒట్లు పెట్టుకోను. మా నాన్న పాస్టరు, మా ఇంట్లో ఒట్టు అన్న మాట వినబడితే వీపు విమానం మోత మోగేది. అయినా పెడుతున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

అమెరికాలో మేముండే శాన్ రామన్‌లో భూమి అప్పుడప్పుడూ కదులుతూనే ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఫీల్ అయ్యారా?" అని అడుగుతారు. నలుగురు బొటనవేలు బొమ్మ పెడతారు. మళ్లీ ఎవరి మీటింగులోకి వాళ్లు పోతారు. నేనూ అంతే. కానీ ఆదివారం సాయంత్రాలు మాత్రం ఒక పాత కాథలిక్ చర్చి కింద, నేలమాళిగలో, భూకంపాలను గీసే పాత యంత్రాన్ని బాగుచేస్తుంటాను. అదొక పిచ్చి.

ఆ చర్చి ఫాదరు చిన్నప్పగారు తెలుగాయనే, గుంటూరు వైపు. కాజాలు పట్టుకునో కేకు పట్టుకునో వెళ్తే తప్ప తలుపు తియ్యనంటారు. ఆయనే నాకు ఆ యంత్రాన్ని చూపించారు. వెనకటికి అక్కడొక కాలేజీ ఉండేదట. అందులో ఫిజిక్స్ చెప్పే ఒక ఫాదరు దాన్ని తెప్పించి, నేలమాళిగలో నిలబెట్టాడు. అప్పటికి ఈ దేశంలో భూకంపాల చదువు ఇంకా పాకే వయసులోనే ఉంది. పొద్దున పూజ, పగలు పాఠాలు, సాయంత్రం ఈ యంత్రం... ఆయన జీవితమంతా అంతే. ఎక్కడ భూమి కదిలినా తన గీతలు చూసి అది ఎంత దూరమో లెక్కగట్టి, మిగతా కాలేజీల ఫాదర్లకు తంతి కొట్టేవాడట. దగ్గర్లో కదిలితే మాత్రం బూట్లు తొడుక్కుని ఊరంతా తిరిగి, ఏ గోడ పడింది, ఏది నిలిచింది అని చూసేవాడట. మనుషుల్ని చంపేది భూమి కాదు, ఇటుకలే అని చివరిదాకా పోరుతూనే ఉన్నాడట.

యంత్రం చాలా సులువు. నేలలోపలి రాయి మీద కట్టిన ఒక దిమ్మె. దాని చుట్టూ ఖాళీ, గది నేలకి అసలు తగలదు. పైన మనుషులు నడిచినా ఆ అదురు దిమ్మెకి రాకూడదని అలా కట్టారు. దిమ్మె మీద ఒక బరువు, బరువుకి ఒక ముల్లు. ముల్లు ముందు మెల్లగా తిరిగే డ్రమ్ము. డ్రమ్ముకి నున్నటి కాగితం చుట్టి, కిరసనాయిల్ దీపం పొగ పట్టి నల్లగా మసిచేస్తాం. ముల్లు ఆ మసిని గీకుతూ తెల్లటి గీత గీస్తుంది. తీశాక వార్నిష్‌లో ముంచితేనే ఆ గీత నిలుస్తుంది. అప్పటిదాకా వేలు తగిలినా మసి చెరిగిపోతుంది.

ఇంకో అలవాటు కూడా ఉండేది. కొత్త కాగితం పెట్టగానే ఆ కాలేజీ ఫాదరు దిమ్మె మీద వేలితో మూడుసార్లు కొట్టేవాడట. ముల్లు సరిగ్గా ఆడుతోందో లేదో చూడటానికి. ఆయన కాగితాలు నేను చూశాను. ప్రతిదాని మొదట్లో మూడు చిన్న గాట్లు.

ఆ రోజు మావారికి ఆఫీసు కాల్. రియాకి కాస్త ఒళ్లు వెచ్చగా ఉంది. ఆరేళ్ల పిల్ల, నన్ను వదలనంది. వెంట తెచ్చుకుని, ఇటుకగోడ పక్కనున్న చెక్కబల్ల మీద పడుకోబెట్టాను. నా స్వెటర్ కప్పాను. రిపేరు అయ్యాక మొదటి మసికాగితం ఆ సాయంత్రమే పెట్టాం. ముల్లు ఆనించాం. సన్నటి తెల్లగీత మొదలైంది.

"మూడుసార్లు కొట్టమ్మా," అన్నారు ఫాదర్.

"అవన్నీ మీ కాథలిక్కుల ఆచారాలు ఫాదర్. ముల్లు బాగానే మూవ్ అవుతోందిగా," అన్నాను.

ఆయన నవ్వి పైకి వెళ్లిపోయారు. చలికాలం కదా, అప్పటికే బయట చీకటి. కింద నేను, పిల్ల, డ్రమ్ము తిప్పే గడియారం. టిక్... టిక్... టిక్... కాసేపటికి అది కూడా చెవికి ఆనడం మానేసింది.

అప్పుడు...

టక్.

తలెత్తాను. పైన ఎవరో ఏదో పడేశారనుకున్నాను.

టక్.

పైన కాదు. నా ముందే. దిమ్మెలోంచి. చేత్తో కొడితే రాయి లోపల మోగే చప్పుడు... అది. ముల్లు వంక చూశాను. తెల్లగీత మీద రెండు చిన్న గాట్లు ఉన్నాయి. చూస్తుండగానే, నా కళ్ల ముందే, ముల్లు ఎగిరింది.

టక్.

మీరైతే ఏంచేసేవారో నాకు తెలీదు. నాకు భూకంపం గుర్తు రాలేదు, సైన్సు గుర్తు రాలేదు. దయ్యం అనుకున్నాను. ఏళ్ల తరబడి దయ్యాల్లేవని సండే స్కూల్లో పిల్లలకి చెప్పిన మనిషిని! రియాని భుజాన వేసుకుని పరుగో పరుగు. డ్రమ్ము పక్కనుంచి వెళ్తుంటే నిద్రలో పిల్ల చెయ్యి దేనికో రాసుకుంది. ఆగలేదు. మెట్లెక్కాను, వరండా దాటాను, కారు దగ్గరికి వచ్చి పడ్డాను. తాళాలు కిందే మర్చిపోయాను. చలిలో పిల్లని హత్తుకుని, నా పిరికితనానికి నేనే సిగ్గుపడుతూ, ఇక వెనక్కి వెళ్దామా అనుకుంటున్నాను...

అప్పుడు కదిలింది.

కాళ్ల కింద నేల పక్కకి జరిగింది. పార్కింగ్‌లో కార్లన్నీ ఒక్కసారి అరిచాయి. గోపురంలో గంట దానంతటదే మోగింది. ఆగింది. ఫాదర్ గ్యారేజ్ వైపు నుంచి పరిగెత్తుకొచ్చారు. మమ్మల్ని చూసి అక్కడే మోకాళ్ల మీద కూలబడ్డారు.

కాసేపాగి ఇద్దరం టార్చి పట్టుకుని కిందికి దిగాం. వద్దన్నా నేనూ దిగాను. ఇటుకగోడ లేదు. చెక్కబల్ల కనబడటం లేదు. ఇటుకల మధ్య నుంచి నా స్వెటర్ చెయ్యి ఒకటి బయటికి ఉంది.

ఏడ్చాను. గుండె తేలికయ్యేదాకా ఏడ్చాను. ఫాదర్ నా తల మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. డ్రమ్ము మాత్రం తిరుగుతూనే ఉంది.

"పైనుంచి మీరు కొట్టారా ఫాదర్?" అని అడిగాను.

"నేను గ్యారేజ్‌లో ఉన్నాను తల్లీ. పైన కొట్టినా దిమ్మెకి రాదని నువ్వేగా నాకు చెప్పావు," అన్నారు. మళ్లీ ఆయనే, "దీన్ని అద్భుతమని మాత్రం ఎక్కడా చెప్పకు. జనం వచ్చేస్తారు, మనకి పార్కింగ్ లేదు," అన్నారు. ఆ పరిస్థితిలో కూడా నవ్వొచ్చింది.

కాగితం తీసి వార్నిష్‌లో ముంచాం. భూకంపం గీసిన పిచ్చిగీత స్పష్టంగా ఉంది. దానికి కొంచెం ముందు, సరిగ్గా ఆ గాట్లు ఉండాల్సిన చోట, మసి చెరిగిపోయి ఉంది. అక్కడ చిన్న అరచెయ్యి. అయిదు వేళ్లూ పడ్డాయి. మా రియాది.

మావారు పెద్ద అదురుకి ముందు చిన్న అదుర్లు వస్తాయంటారు. నిజమే, వస్తాయి. చుట్టుపక్కల భూకంప స్టేషన్ల రికార్డులు ఆన్‌లైన్‌లో వెతికాను. నాకేమీ కనబడలేదు. కానీ మా పాత గడియారం సరైన టైము చూపించదు, నేను వెతికింది తప్పు చోటేమో. అంత సమంగా, మూడంటే మూడే వస్తాయా? తెలీదు. ఆ గాట్లు నిజంగా చూశానా, భయంలో చూశాననుకున్నానా... ఒక్కోసారి అదీ తెలీదు. చూపిద్దామంటే సాక్ష్యం మీద నా కూతురి చెయ్యి ఉంది. ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాను. గాట్లు పోతే పోనీ, ఆ చెయ్యి ఉంది, నాకది చాలు.

కూలిన గోడని తీసేశారు. ఇప్పటికీ ఆదివారాలు వెళ్తున్నాం. కొత్త కాగితం పెట్టగానే రియా దిమ్మె మీద మూడుసార్లు కొడుతుంది, నేను చెప్పకుండానే. ముల్లు మూడు గాట్లు పెడుతుంది. నేను దాని చెయ్యి పట్టుకుని కాసేపు వింటాను. అటునుంచి ఏ చప్పుడూ రాదు. హమ్మయ్య అనుకుని ఇద్దరం మెట్లెక్కుతాం.