సేనాని ఇంటికి వెళ్తుందా

తొంభైల చివర్లో ఒక మధ్యాహ్నం, అమలాపురం బస్టాండులో నేనొక నవలలో మునిగిపోయి ఉన్నాను. చచ్చిపోయిన సైనికులను మంత్రంతో లేపి యుద్ధం నడిపే సేనాని కథ అది. ఆ సేనాని ఒక ఆడపిల్ల. ఆమె గెలుస్తున్నకొద్దీ నాకు భయం పెరిగేది, అయినా పుస్తకం వదలబుద్ధి కాలేదు.

పక్కన కూర్చున్నావిడ కువైట్ నుంచి వస్తున్నానని చెప్పింది. కాళ్ల దగ్గర తాడు కట్టిన పెద్ద పెట్టె. ఏ బస్సు వచ్చినా లేచి నిలబడి, మళ్లీ కూర్చునేది. చివరికి నా పుస్తకంలోకి తొంగిచూసి కథేమిటని అడిగింది. చెప్పాను.

“యుద్ధమయ్యేక ఇంటికెళ్తుందాండీ?”

నేనూ ఆగలేక చివరి పేజీ తిప్పి చూశాను. “వెళ్లదండి. సరిహద్దు కోటలో ఒక్కతే ఉండిపోతుంది.”

“ఆయ్,” అని పెట్టె తాడు సరిచేసుకుంది. “వెళ్తే వంటింట్లోకి పొమ్మంటారండి. ఏం గెలిచేవని ఒక్కరూ అడగరు.”

ఉప్పలగుప్తం బస్సు వచ్చింది. “మా ఊరి బస్సేనండి,” అంది గానీ, ఈసారి లేవలేదు. బస్సు వెళ్లిపోయింది.

నా బస్సు కదులుతుంటే కిటికీలోంచి చూశాను. ఆవిడ పెట్టె మోసుకుంటూ వెళ్లి, రాజమండ్రి బస్సు కండక్టరును ఏదో అడుగుతోంది. పుస్తకం ఒళ్లోనే ఉన్నా, రాజోలు చేరేదాకా నేను ఒక్క పేజీ చదవలేకపోయాను.