బురుజులోకి ఒక్కొక్కరే

సైమన్ జికెలి మామకి ఒకటే పిచ్చి. మా సాక్సన్ ఊళ్ళో చర్చి చుట్టూ ఉన్న కోటగోడకి ఒక మాంసం బురుజు ఉంది. దానికి ఆయన కాపలాదారు. అందులోకి ఒకేసారి ఇద్దరిని రానిచ్చేవాడు కాదు.

ఉప్పు పట్టించి పొగబెట్టిన పందిమాంసం దిమ్మలు, ఊరందరివీ అక్కడే వేలాడేవి. గోడలు మందం, ఎండాకాలంలోనూ లోపల చలి. ఇంటికో కొక్కెం, దిమ్మ తోలు మీద కాల్చిన ఇంటి గుర్తు. ఆదివారం ప్రార్థన అవగానే మామ తలుపు తీసేవాడు. ఎవరి దిమ్మలోంచి వాళ్ళు వారానికి సరిపడా కోసుకుంటే, ఇంకెవరూ ముట్టకుండా కోసిన అంచు మీద ముద్ర గుద్దేవాడు. ఈలోగా మిగతా ఊరంతా మూసిన తలుపు బయటే, వానైనా మంచైనా.

"మేం మొగుడూ పెళ్ళాలం మామా, మాది ఒకటే దిమ్మ," అన్నాడు ఓసారి కమ్మరి హన్నెస్.

"అయితే ఒకరు చాలుగా."

పాస్టరుగారినీ వదల్లేదు. "అయ్యగారూ, టర్కీ సైన్యం వస్తే ఒక్కొక్కడే ఎక్కాలని మన తాతలు ఈ మెట్లు ఇంత ఇరుగ్గా కట్టారు."

"వాళ్ళు రాక రెండొందల ఏళ్ళు దాటింది, సైమన్."

"మరి మెట్లు వెడల్పయ్యాయా?"

ఆ మాట ఊరికి ఊతపదం అయిపోయింది. రొట్టెల పొయ్యి దగ్గర ఎవరైనా తోసుకొస్తే అదే అడిగేవాళ్ళం.

కొక్కెం ఖాళీ అంటే మా ఊళ్ళో ఇంటి పరువు పోయినట్టే. మా ఆయన చనిపోయిన ఏడాదే జబ్బు తగిలి నా పందులూ చచ్చాయి. మామ తన దిమ్మలో ముక్క ఇవ్వబోతే రోషంతో వద్దన్నాను. ప్రతి ఆదివారం గుడ్డలో దుంప చుట్టుకుని వెళ్ళి, అదే మూటతో బయటికొచ్చేదాన్ని. మామ ఉత్త బల్ల మీద ఠప్పున ముద్ర గుద్ది, "పెద్ద ముక్కే కోశావు రోజినా, కాస్త పొదుపు," అని అందరికీ వినపడేలా కసిరేవాడు.

అంతలో చర్చి పెద్ద బిండర్‌కి కీళ్ళనొప్పులు ముదిరాయి. ఇక వానలో నిలబడలేమని, ఈస్టర్ నుంచి తలుపు బార్లా తీసి అందరినీ పంపాలని సభలో తీర్మానం చేయించాడు. మామ మెట్ల సంగతి ఎత్తాడు. అందరూ నవ్వారు. నాకు ఆ వారం తిండి సయించలేదు.

ఈస్టర్ రోజు జనంతో పాటు తలొంచుకుని మెట్లెక్కాను.

"ఇదేంటయ్యా, కాపలావాడి కొక్కెమే ఖాళీ," అన్నాడు బిండర్.

తలెత్తి చూశాను. నా కొక్కేనికి నిండు దిమ్మ వేలాడుతోంది. ఇంటి గుర్తు కాల్చిన తోలు గోడవైపు తిప్పి ఉంది.

"మొత్తం మేసేశావా మామా? తలుపు మూసుకునేది ఇందుకన్నమాట," అన్నాడు హన్నెస్.

"ఏం చెయ్యను, పొద్దస్తమానం ఆ వాసన. ఆగలేకపోయాను," అని మామ బుర్ర గోక్కున్నాడు. ఊరంతా పగలబడి నవ్వింది. ఆ మూసిన తలుపు ఇన్నేళ్ళలో ఎన్ని ఇళ్ళ ఖాళీ కొక్కేల్ని దాచిందో ఏమో.

అందరూ దిగాక నేను ఆగిపోయాను. మామ అలవాటు కొద్దీ తలుపు మూశాడు.

"మామా, దీన్ని నేనెలా కొయ్యను?"

"కత్తితో."

కోశాను. ఈసారి ముద్ర బల్ల మీద కాదు, దిమ్మ మీదే గుద్దాడు. ఆ తర్వాత కింద ఉన్నవాళ్ళకి వినపడేలా కసిరాడు: "మళ్ళీ పెద్ద ముక్కే కోశావు రోజినా."